హాబ్సన్ గుర్రాల కథ

పిల్లలూ, తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో ‘హాబ్సన్స్ చాయిస్’ అంటే ఏమిటని అడిగారుగా, తీరిగ్గా రాస్తున్నాను. పేరులో చాయిస్ ఉందిగానీ ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. ఉన్నదొక్కటే. ఇష్టమైతే తీసుకో, లేదంటే వెళ్లిపో.

థామస్ హాబ్సన్‌ది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి. లండన్‌కీ కేంబ్రిడ్జికీ మధ్య బండ్ల మీద సరుకులు చేరవేసేవాడు, గుర్రాలు అద్దెకిచ్చేవాడు. ఆయన శాలలో 40 గుర్రాలుండేవని చెబుతారు. యూనివర్సిటీ కుర్రాళ్లు వచ్చి, బాగా పరుగెత్తేవే కావాలనేవారు. అద్దె గుర్రం మీద జాలెవరికి ఉంటుంది? ఇప్పటి అద్దె బైకుల గతి చూస్తున్నారుగా! మంచి గుర్రాలు అలసి చిక్కిపోయేవి, మిగతావి మేత మేస్తూ నిలబడేవి. అందుకని ఆయన ఒక వరస పెట్టాడు. తిరిగొచ్చిన గుర్రం వరసలో చివరికి పోవాలి. వచ్చినవాడు ఎంతటివాడైనా, తలుపు దగ్గరున్న గుర్రాన్నే తీసుకోవాలి. లోకం ఆయన్ను మొండివాడిగానే గుర్తుపెట్టుకుంది. గుర్రాలనడిగితే ఇంకోలా చెప్పేవేమో.

ఎనభై దాటాక, 1631లో పోయాడు. ప్లేగు వల్ల ఆయన్ను లండన్ వెళ్లొద్దన్న రోజులవి. అప్పుడు కేంబ్రిడ్జిలోనే చదువుకుంటున్న ఇంగ్లీషు కవి మిల్టన్ ఆయన మీద రెండు సరదా పద్యాలు రాశాడు. ఎప్పుడూ దారిలోనే ఉండే మనిషిని మృత్యువు ఏళ్ల తరబడి పట్టుకోలేకపోయిందట, బండి ఆగాకే దొరికాడట!

ఇక వాడుక. కొత్త యాప్ పెట్టుకునేటప్పుడు చాంతాడంత షరతులు చూపించి, ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కితేనే లోపలికి రానిస్తారు చూడండి, అచ్చం అదే. 1914 నుంచి 1925 దాకా ఫోర్డ్ వాళ్ల మోడల్ టీ కారు కొనాలంటే నలుపు తప్ప వేరే రంగు లేదు. అదీ ఇదే.

చాలామంది పొరపడేది ఒకచోట. రెండు కాలేజీల్లో సీటొచ్చి, రెండూ నచ్చకపోతే హాబ్సన్‌ను పిలవకండి. దానికి మనకు ‘ముందు నుయ్యి, వెనుక గొయ్యి’ ఉండనే ఉంది. ఒక్కదాంట్లోనే సీటొచ్చి, చేరతావా మానతావా అంటే అప్పుడు ‘ఇట్స్ హాబ్సన్స్ చాయిస్’ అనండి. ఇంగ్లీషు పేపర్లలోనూ ఈ తప్పు కనిపిస్తూనే ఉంటుంది. వాళ్లకేం, మార్కులు పోయేది మీకు.

మీ తాతయ్య