మేరీ ఎలెన్ చెప్పిన రెండో మాట

1874 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని ఒక కోర్టు హాల్లోకి పదేళ్ల పిల్లను దుప్పటి చుట్టి ఎత్తుకొచ్చారు. ఒంటి మీద సరైన బట్టల్లేవు. ముఖం మీద కత్తెర చేసిన గాటు ఉంది. పేరు మేరీ ఎలెన్ విల్సన్. పెంపుడు తల్లి తనను దాదాపు రోజూ కొరడాతో కొడుతుందని జడ్జికి చెప్పింది. అక్కడితో ఆగలేదు. తననెవరైనా ముద్దు పెట్టుకున్నట్టు గుర్తే లేదంది. అమ్మ ఒక్కసారైనా ఒళ్లో కూర్చోబెట్టుకోలేదని, దగ్గరకు తీసుకోలేదని చెప్పింది. ఎవరితోనైనా మాట్లాడితే దెబ్బలు పడతాయని నోరు విప్పేదాన్ని కాదంది.

మొదటి మాట కోర్టుకు వినబడింది. గాటు కళ్లెదుటే ఉంది. పెంపుడు తల్లికి ఏడాది జైలు పడింది. రెండో మాట మాత్రం రికార్డులకెక్కి అక్కడే ఉండిపోయింది. పిల్లల విషయంలో మానసిక హింస చరిత్ర అంటే, ఆ రెండో మాట పెద్దవాళ్ల చెవికెక్కడానికి పట్టిన కాలమే. అది నూరేళ్లకు పైనే పట్టింది.

ఈ కేసు గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. పిల్లల్ని కాపాడే చట్టమే లేక, ఆ అమ్మాయిని జంతువుగా చూపించి, జంతుహింస చట్టం కింద విడిపించారని అంటారు. అది నిజం కాదు. సాయం చేయమని ఎటా వీలర్ అనే చర్చి సేవకురాలు వెళ్లి అడిగింది జంతు సంరక్షణ సంఘం పెట్టిన హెన్రీ బర్గ్‌నే. కానీ ఆయన లాయరు ఎల్బ్రిడ్జ్ గెర్రీ కోర్టుకు వెళ్లింది హెబియస్ కార్పస్ కింద, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మని అడిగే హక్కు కింద. ఆ కేసు తర్వాతే పిల్లలపై క్రూరత్వాన్ని నివారించే తొలి సంఘం న్యూయార్క్‌లో పుట్టింది. బ్రిటన్‌లో 1889లో చట్టం వచ్చింది. అన్నిటి చూపూ ఒంటి మీదే. 1933 నాటి బ్రిటిష్ చట్టం పిల్లల ఆరోగ్యానికి జరిగే హానిని వివరిస్తూ కన్ను, చెవి, కాలుచేతులు, అవయవాలు అని వరుసగా చెప్పి, చివర మతి చలించడాన్ని చేర్చింది. అంటే మనసుకు జరిగిన హాని లెక్కలోకి రావాలంటే పిల్లవాడికి పిచ్చి పట్టాలి. ఆ చట్టం చెప్పే బాధలో మానసికమైనదీ ఉంటుందని స్పష్టంగా రాసింది 2015లో. మధ్యలో ఎనభై రెండేళ్లు గడిచాయి.

చట్టం సంగతి సరే, శాస్త్రం ముందే మేలుకుందా అంటే అదీ లేదు. 1928లో జాన్ వాట్సన్ అనే పేరుమోసిన అమెరికన్ మనస్తత్వవేత్త తల్లులకు ఒక సలహా ఇచ్చాడు. పిల్లల్ని కౌగిలించుకోకండి, ముద్దు పెట్టకండి, ఒళ్లో కూర్చోబెట్టుకోకండి, పొద్దున్నే ఒక షేక్‌హ్యాండ్ ఇవ్వండి చాలు అన్నాడు. ముద్దు, ఒడి. మేరీ ఎలెన్ లేవని చెప్పుకున్నవి అవే. యాభై నాలుగేళ్ల తర్వాత ఒక నిపుణుడు వాటినే వద్దన్నాడు, ఎందరో తల్లులు నమ్మారు. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. దగ్గరకు తీస్తే చెడిపోతారన్న నమ్మకం ఇప్పటికీ చాలా ఇళ్లలో పూర్తిగా పోలేదు.

మొదటి గట్టి సాక్ష్యం చంటిపిల్లల నుంచే వచ్చింది. వియన్నాలో పుట్టి అమెరికా చేరిన మనోవిశ్లేషకుడు రెనె స్పిట్జ్ 1940లలో రెండు చోట్ల పిల్లల్ని గమనించాడు. ఒకటి అనాథ శిశుగృహం. అక్కడ శుభ్రత ఉంది, తిండి ఉంది, డాక్టర్లున్నారు. కానీ ఎనిమిది మంది పిల్లలకు ఒక ఆయా, ఆ పైన ఊయలల చుట్టూ దుప్పట్లు. పిల్లలకు పైకప్పు తప్ప మరేమీ కనబడేది కాదు. రెండోది ఆడవాళ్ల జైల్లోని శిశువిభాగం. అక్కడ ఖైదీలైన తల్లులు తమ బిడ్డల్ని తామే చూసుకునేవాళ్లు. రెండేళ్లు గడిచేసరికి శిశుగృహంలోని 91 మందిలో 34 మంది చనిపోయారు. జైల్లో ఒక్కరూ పోలేదు. శరీరానికి కావాల్సినవన్నీ అందినా, పలకరించే ముఖం లేకపోతే బిడ్డ నిలవకపోవచ్చని తేలింది. యుద్ధంలో ఇల్లూవాకిలీ పోయిన పిల్లల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో నివేదిక రాసిన జాన్ బౌల్బీ, ఒంటికి విటమిన్లు ఎంతో మనసుకు తల్లిప్రేమ అంత అన్నాడు. భారమంతా తల్లి నెత్తినే పెట్టాడన్న విమర్శ న్యాయమైనదే. తండ్రి కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, బిడ్డకు కావాల్సింది విడిచిపోని ఒక మనిషి.

ఇంతలో 1962లో మళ్లీ చూపు ఎముకల మీదికి మళ్లింది. కొలరాడోకు చెందిన పిల్లల డాక్టరు హెన్రీ కెంప్, ఆయన సహచరులు, దెబ్బలు తిన్న పిల్లల గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. ఎక్స్‌రేలో పాత విరుగుళ్లు, కొత్త విరుగుళ్లు పక్కపక్కనే కనబడుతున్నాయి, మంచం మీంచి పడ్డాడంటే నమ్మకండి అని తోటి డాక్టర్లకు చెప్పారు. ఐదేళ్లలో అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ ఇలాంటి కేసులు కనబడితే ఫిర్యాదు చేసి తీరాలని చట్టాలు చేశాయి. అది ఎందరో పిల్లల ప్రాణాలు నిలిపిన మేలు, తక్కువ చేసి చెప్పలేను. కానీ ఆ వెలుగులో పక్కది ఇంకా చీకటైంది. ఎక్స్‌రేలో కనబడితేనే హింస అన్న లెక్క బలపడింది. 1974లో అమెరికా కేంద్ర చట్టం మానసిక గాయం అన్న మాటను చేర్చింది. కానీ ఏది మానసిక గాయం, ఎవరు కొలవాలి, ఎలా రుజువు చేయాలి అన్న దగ్గరే బండి ఆగిపోయింది.

ఆ ముడి విప్పడానికే 1983లో ఇండియానాపొలిస్‌లో పరిశోధకులు సమావేశమయ్యారు. పిల్లలపై మానసిక హింస ఒక్కదాని కోసమే అంతర్జాతీయ స్థాయిలో జరిగిన తొలి సదస్సు అది. తర్వాత మూడేళ్లకు జేమ్స్ గార్బరినో, ఆయన సహ పరిశోధకులు ఐదు రూపాలు గుర్తించారు. తిరస్కరించడం, ఒంటరిని చేయడం, భయపెట్టడం, పట్టించుకోకపోవడం, తప్పుదారి పట్టించడం. పేర్లు పుస్తకాల భాషలా ఉన్నా ఇంట్లో వినిపించే మాటల్లోకి దించితే వెంటనే తెలుస్తాయి. "నువ్వు పుట్టకపోయినా బాగుండేది" అన్నది తిరస్కారం. స్నేహితులెవరూ గడప తొక్కకుండా చేయడం ఒంటరిని చేయడం. "ఇంకోసారి ఏడిస్తే వదిలేసి వెళ్లిపోతా" అన్నది భయపెట్టడం. ఒకే ఇంట్లో ఉంటూ మూడు రోజులు, నాలుగు రోజులు పిల్లవాడితో మాట్లాడకుండా సాధించడం, వాడు ఎదురుగా ఉన్నా లేనట్టే తిరగడం, పట్టించుకోకపోవడం. భార్యాభర్తల గొడవలో పిల్లల్ని గూఢచారులుగా వాడుకోవడం, అబద్ధాలు చెప్పించడం ఐదో దానిలోకి వస్తాయి.

వీటన్నిటిలో నాకు నాలుగోదే ఎక్కువ భయం కలిగిస్తుంది, ఎందుకంటే బయటినుంచి అది అసలేమీ జరగనట్టు ఉంటుంది. దాన్ని దగ్గరగా చూపించిన ప్రయోగం ఒకటుంది. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ చేశాడు. తల్లి కొన్ని నెలల బిడ్డతో ఆడుకుంటూ ఉంటుంది. ఆపై తల పక్కకు తిప్పి, మళ్లీ ఇటు తిరిగేసరికి ముఖంలో ఏ కదలికా ఉండదు. బిడ్డకు క్షణాల్లో తెలిసిపోతుంది. ముందు నవ్వుతుంది, ఇందాక పనిచేసింది కదా అన్నట్టు. చేతులు చాపుతుంది. కేక పెడుతుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం పక్కకు తిప్పేసుకుంటుంది, ఒళ్లు వాలిపోతుంది, ఏడుపు మొదలవుతుంది. ఇదంతా ఒకటి రెండు నిమిషాలే. తల్లి మళ్లీ నవ్వగానే బిడ్డ మెల్లగా తేరుకుంటుంది. ఇంట్లో రోజుల తరబడి సాగే మౌనానికి ఆ రెండు నిమిషాల గడువు ఉండదు.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 19వ అధికరణంలో శారీరక హింస పక్కనే మానసిక హింసను రాసింది. భారతదేశంలో 2005 గృహహింస చట్టం మాటలతో, ప్రవర్తనతో చేసే హింసను విడిగా పేర్కొంది, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ పిల్లలకు అనవసర మానసిక బాధ కలిగించడాన్నీ నేరం చేసింది. కాగితం మీద రెండో మాటకు చోటు దొరికింది.

నష్టం ఎంత అన్న ప్రశ్నకు జవాబు అనుకోని చోట దొరికింది. కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపేవాడు. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో ఎందుకు మానేస్తున్నారో అర్థంకాక వాళ్ల జీవితాల గురించి అడిగాడు. బాల్యం బయటికొచ్చింది. తర్వాత రాబర్ట్ ఆండాతో కలిసి 17,000 మందికి పైగా పెద్దవాళ్లను అడిగారు, తొలి ఫలితాలు 1998లో వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్లు తరచుగా తిట్టి, అవమానించి, చిన్నబుచ్చేవాళ్లా అన్నది ప్రశ్నల్లో ఒకటి. అలాంటి చేదు అనుభవాలు నాలుగు రకాలు, అంతకు మించి ఉన్నవాళ్లలో తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు అసలేమీ లేనివాళ్లతో పోలిస్తే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఉంది. ఇది గుంపు మొత్తం మీద లెక్క. ఏ ఒక్కరి నుదుటి రాతా కాదు, ఇది చదివి ఎవరూ తమ గురించి అలా అనుకోవద్దు. 2014లో అమెరికాలో చికిత్సకు వచ్చిన 5,616 మంది పిల్లల రికార్డుల పరిశీలన ఇంకో మెట్టు ఎక్కింది. మానసిక హింస ఒక్కటే అనుభవించిన పిల్లల్లో ఆందోళన, డిప్రెషన్ లాంటివి దెబ్బలు తిన్న పిల్లలతో సమానంగానో, ఎక్కువగానో కనిపించాయి.

ఎందుకలా? సాయంత్రం తాళం చెవి తిరిగే చప్పుడు కోసం చెవి రిక్కించి కూర్చునే పిల్లను ఊహించుకోండి. తలుపు మెల్లగా పడితే ఊపిరి పీల్చుకుంటుంది. గట్టిగా పడితే పుస్తకాలు సర్దేసి, తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్లి, టీవీ కట్టేస్తుంది. ఆరోజు ఎవరూ ఏమీ అనకపోవచ్చు. కానీ గుండె వేగం, ఒత్తిడి హార్మోను పెరిగి తగ్గేలోగా రాత్రవుతుంది, మర్నాడు మళ్లీ అదే. ప్రమాదాన్ని పసిగట్టడానికే అలవాటైన మెదడు స్కూల్లో లెక్క మీద నిలవమంటే నిలవదు. టీచరు గొంతు కొంచెం పెరిగినా ఒళ్లు బిగుసుకుంటుంది. కడుపునొప్పి అంటుంది, డాక్టరు చూస్తే ఏమీ ఉండదు. ఇంకో పిల్ల ఇదే ఇంట్లో పెరిగి అతి బుద్ధిమంతురాలవుతుంది, మార్కులు తెచ్చుకుంటుంది, అందరినీ మెప్పిస్తుంది. ఆ పిల్ల ఎవరి కంటా పడదు. ఇద్దరూ పెద్దయ్యాక అనే మాట మాత్రం ఒక్కటే: "మా ఇంట్లో నా మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు, నాకేం కష్టం?"

తల్లిదండ్రుల్లో ఒకరు ఇంకొకరిని అణచిపెట్టే ఇంట్లో పిల్లల్ని చాలాకాలం సాక్షులుగానే లెక్కవేశారు. బ్రిటన్ 2015లో బలవంతపు నియంత్రణను నేరం చేసింది. ఫోన్లు చూడటం, డబ్బు చేతికివ్వకపోవడం, బంధువుల్ని దూరం చేయడం లాంటివి విడివిడిగా చిన్నవిగా కనబడినా వరుసగా చూస్తే ఒక మనిషిని బందీ చేస్తాయని ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో అదంతా చూసే, వినే పిల్లలు కూడా బాధితులేనని 2021 చట్టం రాసింది.

గుర్తుపట్టడంలో అసలు కీలకం కూడా ఆ వరుసలోనే ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. అయినా టెన్షన్‌లో ఒకరోజు నోరు జారి, తర్వాత దగ్గర కూర్చుని "తప్పు నాదే నాన్నా" అన్న తల్లినో తండ్రినో ఈ లెక్కలో వేయకూడదు. అలాంటి ఇల్లు మామూలు ఇల్లు. సర్దుబాటు ఎప్పటికీ రాని ఇల్లు వేరు. అక్కడ నవ్వులాటగా మొదలైన ఈసడింపు నలుగురిలో జరుగుతుంది, పిల్ల చిన్నబుచ్చుకుంటే "జోక్ కూడా తెలీదు" అని ఇంకో మాట పడుతుంది. జరిగింది జరగలేదని బుకాయిస్తారు, పిల్ల తన జ్ఞాపకాన్నే అనుమానించుకుంటుంది. ప్రేమ మార్కులతో ముడిపడుతుంది. అలా చేసేవాళ్లలో చాలామంది తామూ అలాగే పెరిగారు, చెడ్డ ఉద్దేశంతో చేయరు. అందుకే పరిశోధకులు ఉద్దేశం మీద కాకుండా, ఏం జరుగుతోంది, పిల్ల ఏమవుతోంది అన్న దాని మీద చూపు పెట్టారు.

బాగుపడే దారి గురించి పరిశోధనలు పదే పదే చెప్పేది చాలా మామూలు సంగతి. నమ్మి వినే, విడిచిపెట్టని పెద్ద మనిషి ఒక్కరు ఉన్నా పిల్లలు నిలదొక్కుకోగలరు. అది ఒక పిన్ని కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటివాళ్లు కావచ్చు. అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లేదీ వాళ్లే అవుతారు.

మేరీ ఎలెన్‌కు ఆ మనుషులు దొరికారు. ఎటా వీలర్ ఆమెను తన తల్లి దగ్గరికి, పల్లెలోని ఇంటికి పంపించింది. ఆ తల్లి పోయాక ఎటా చెల్లెలు పెంచింది. మేరీ ఎలెన్ పెళ్లి చేసుకుంది, ఇద్దరు కూతుళ్లను కన్నది, ఒక అనాథ పిల్లను తెచ్చి పెంచుకుంది. కూతుళ్లిద్దరూ టీచర్లయ్యారు. 1956లో, తొంభై రెండేళ్ల వయసులో చనిపోయింది. ఒక కూతురికి ఎటా అని పేరు పెట్టుకుంది.