సార్వా కోతకు, దాళ్వా ఆకుమడికి మధ్య డెల్టా చలికాలం

ఏటా డిసెంబరు మొదలయ్యే వేళకు భారత వాతావరణ శాఖ ఫిబ్రవరి దాకా చలి ఎలా ఉంటుందో అంచనా చెబుతుంది. ఆ మర్నాటి నుంచి టీవీల నిండా లంబసింగి మంచూ, మారేడుమిల్లి చలిమంటలే. గోదావరి డెల్టాకు ఆ దృశ్యాలతో పెద్దగా పని లేదు. ఇక్కడ జనవరిలోనూ రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 17 నుంచి 20 డిగ్రీల మధ్యే ఆడుతుంది. తీర ప్రాంతంలో శీతల గాలులు అని ప్రకటించాలంటే కనిష్ఠం 15 డిగ్రీలకో, అంతకన్నా కిందకో దిగాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా తగ్గాలి. అలాంటి రాత్రులు అరుదు. సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదన్న సామెత ఇక్కడా వినిపిస్తుంది గానీ, రైతు అడిగేది వేరే: సార్వా (వానాకాలపు వరి) కోతల్లో వాన పడుతుందా? దాళ్వా (చలికాలంలో వేసే రెండో వరి) ఆకుమడి, అంటే నారుమడి, చలికి ఎదుగుతుందా?

ఈ రెండు ప్రశ్నలూ ఒకే ముడిలో పడడానికి చాలా కాలం పట్టింది. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువ నీళ్లతో డెల్టా వరికి మళ్లింది. వరి తేదీలు కాలువ తేదీలకు కట్టుబడ్డాయి: కాలువ వదిలాకే దమ్ము (నీళ్లు పెట్టి దున్నడం), ఆ తర్వాతే ఊడ్పులు (నాట్లు). 1982లో విడుదలైన మార్టేరు పరిశోధన స్థానం వారి స్వర్ణ వరి రకం దిగుబడితో ఊళ్లకు ఊళ్లను ఆక్రమించింది. దాని పంటకాలం 150 రోజుల దాకా ఉంటుంది. జూన్‌లో నారు పోస్తే నవంబరు మొదట్లో కోతకొస్తుంది. కాలువ శివారు పొలాలకు నీళ్లు ఆలస్యంగా అంది జూలై నెలాఖరుకు నారు పోస్తే కోత డిసెంబరు చివరికి పోతుంది. తుపానుకు ఎదురెళ్లడమంటే అదే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం ఇంకా వెచ్చగానే ఉంటుంది. నైరుతి వెనుదిరిగాక అల్పపీడనాలు పుట్టే చోటు దక్షిణానికి జరిగి, అక్కడ పుట్టినవి పడమర, వాయవ్య దిక్కుల్లో కోస్తా మీదికి వస్తాయి. 1839 నవంబరులో కోరంగి రేవును ముంచిన ఉప్పెన ఈ కాలానిదే. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో కొబ్బరి తోటల్ని నేలకూల్చింది, వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. డిసెంబరుకు ఉత్తరం నుంచి పొడిగాలి దిగి, ఎత్తులో గాలులు బలపడి కొన్నింటిని సముద్రంలోనే నీరసింపజేస్తాయి. 2013 నవంబరు చివర్లో వచ్చిన లెహర్ అతి తీవ్ర తుపానుగా ఉండి, మచిలీపట్నం దగ్గర తీరం చేరేసరికి వాయుగుండం స్థాయికి పడిపోయింది. అయితే గాలి తగ్గితే గండం గడిచినట్టు కాదు, వరి మునగడానికి వాన చాలు. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ దాటింది బాపట్ల దగ్గరే అయినా, తడిసింది డెల్టా ధాన్యం కూడా. 2025 అక్టోబరు 28న మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది.

నష్టాన్నంతా తుపాను ఖాతాలో రాసేయడం అలవాటైంది. సగం లెక్క పొలాల నీరు తీసే డ్రెయిన్లది. గుర్రపుడెక్క పేరుకుని, సముద్రంలో కలిసే మొగలు పూడి, అమావాస్య, పున్నమి పోట్ల రోజుల్లో ఎనమదుర్రు లాంటి డ్రెయిన్ల నీరు సముద్రంలోకి దిగదు. ఒక రోజు వాన పొలంలో వారం నిలుస్తుంది. కోసి పనల మీద (చేలో పరిచి) ఉన్న వరి రెండు మూడు రోజులు నానితే గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద పడేలా పిచికారీ చేస్తే మొలక కొంత ఆగుతుంది. నీరు తీసే దారి లేకుండా ఉప్పు ఒక్కటే కొడితే మాత్రం ఫలితం ఉండదు. హెచ్చరిక వచ్చాక కోయకుండా ఆపడమే మేలు. పడిపోయిన చేను కంటే నీళ్లలో తేలే పన ఎక్కువ పాడవుతుంది. యంత్రంతో కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ, కొనుగోలు కేంద్రం హద్దు 17 శాతం. రోడ్ల మీద ఆరబోతలు, బరకాల కోసం పరుగులు అందుకే.

సార్వా ఇలా సాగితే దాళ్వా దాని వెనకే జరుగుతుంది. చలికాలంలో గోదావరిలో సహజ ప్రవాహం తగ్గిపోతుంది, సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే నీరు కలిస్తేనే రెండో పంట గట్టెక్కుతుంది. కాలువలు వేసవి మొదట్లో కట్టేస్తారు కాబట్టి ఊడ్పులు డిసెంబరు నెలాఖరుకే అయిపోవాలంటారు. అంటే నారు పోయాల్సింది నవంబరు చివర, డిసెంబరు మొదట. కోత ఆలస్యమైన చేలో అది జనవరికి జారి, సరిగ్గా చలి ముదిరిన రాత్రుల్లో పడుతుంది.

ఇక్కడ చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎకరానికి 5 సెంట్ల ఆకుమడి, 20–25 కిలోల విత్తనం. 24 గంటలు నానబెట్టాక మామూలుగా ఒక రోజు మండె కడితే (గోనెసంచిలో మూటగట్టి ఉంచితే) మొలక వస్తుంది. చలిలో ఒకటిన్నర, రెండు రోజులు పడుతుంది. గోనెసంచుల మీద ఎండుగడ్డి కప్పి గోరువెచ్చని నీళ్లు చల్లాలి. 5 సెంట్లకు భాస్వరం మామూలుగా కిలో సరిపోతుంది, చలి ఎక్కువైతే రెండు కిలోలకు పెంచాలి. మడిలో రాత్రి పెట్టిన నీరు తెల్లారేసరికి చల్లబడి ఉంటుంది, దాన్ని తీసేసి కొత్త నీరు పెట్టాలి. రాత్రి పాలిథిన్ పట్టా కప్పేవాళ్లు పొద్దెక్కగానే తీసేయాలి, లేకపోతే ఆవిరికి తెగుళ్లు పట్టుకుంటాయి.

నారు పసుపు రంగుకు తిరగ్గానే యూరియా వేసేస్తారు. తరచూ జరిగే పొరపాటు ఇదే. చలికి వేళ్లు సరిగా పనిచేయక జింకు అందదు, ఆకుల మీద తుప్పు మచ్చలొస్తాయి. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు చల్లాలి, పురుగుమందులతో కలపకూడదు. అవసరానికి మించిన నత్రజనికి రాత్రి మంచు తోడైతే అగ్గితెగులు వస్తుంది. నూలుకండె ఆకారం మచ్చలు కనబడితే ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి లీటరుకు 0.6 గ్రాములు.

నారు పోయకుండా విత్తనం నేరుగా పొలంలో వెదజల్లితే పంట వారం పది రోజులు ముందుకొస్తుంది గానీ, మొలక మీద చలి దెబ్బ నేరుగా పడుతుంది. రొయ్యల చెరువులకూ ఇదే కాలం గడ్డుది. నీరు చల్లబడితే మేత తగ్గుతుంది, తెల్లమచ్చ వైరస్ విజృంభిస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, ఏరేటర్లు ఆపకూడదు.

ఇక అంచనాలను చదివే తీరు. మూడు నెలల అంచనా దక్షిణ భారతమంతటికీ ఒక మొగ్గు చెబుతుంది: రాత్రులు మామూలుకన్నా వెచ్చగానా, చల్లగానా అని. లానినా (పసిఫిక్ సముద్రం మామూలుకన్నా చల్లబడే) ఏడాది దక్షిణాదిన ఈశాన్య రుతుపవన వాన తగ్గే ధోరణి ఉంది గానీ, డెల్టా లెక్కను ఒక్క తుపాను దారి తలకిందులు చేయగలదు. కోత తేదీకి పనికొచ్చేది ఐదు రోజుల జిల్లా అంచనా, మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ సలహా. రెండు నుంచి నాలుగు వారాల అంచనాను విత్తనం నానబెట్టే ముందు చూసుకోవాలి. మూడు నెలల అంచనా వెచ్చటి రాత్రులని చెప్పినా జనవరిలో ఊడ్చే చేనుకు అది భరోసా కాదు. ఆ చేను ఏప్రిల్‌లో పూతకొస్తుంది, అప్పుడు 35 డిగ్రీలు దాటిన పగటి ఎండకు పుప్పొడి ఎండిపోయి తాలు పెరుగుతుంది, చివరి తడికి కాలువలో నీళ్లూ ఉండకపోవచ్చు.