కాఫీ ప్యాకెట్ మీద ముద్ర

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఫెయిర్‌ట్రేడ్, అంటే రైతుకి న్యాయమైన ధర ఇస్తామనే ముద్ర ఉన్న కాఫీ పొడికి ఎందుకంత ధర, ఆ డబ్బు నిజంగా రైతుకి చేరుతుందా అని అడిగారు కదా. ఫోన్లో చెబితే సగంలోనే మీకు వేరే పని గుర్తొస్తుంది, అందుకే రాస్తున్నాను.

అరబికా అనే రకం కాఫీ ధర తోటలో తేలదు. న్యూయార్క్ సరుకుల ఎక్స్ఛేంజీలో పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఇంత అని తేలుతుంది. 1975లో బ్రెజిల్‌లో గడ్డకట్టే చలికి తోటలు మాడిపోతే, 1977కల్లా పౌను 3 డాలర్లు దాటింది. 2001లో 50 సెంట్ల లోపుకి పడిపోయింది. పండించే కష్టం మాత్రం ఏమీ తగ్గలేదు.

ధర మరీ దిగజారకుండా 1962లో పండించే దేశాలూ కొనే దేశాలూ ఒప్పందం చేసుకుని, ఎవరెంత ఎగుమతి చేయాలో కోటాలు పెట్టుకున్నాయి. మళ్లీ సయోధ్య కుదరక 1989 జూలైలో ఆ కోటాలు ఎత్తేశారు. నెలల్లోనే ధర సగానికి వచ్చింది. ఆ తర్వాతి పదేళ్లలో వియత్నాం జోరుగా కాఫీ వేసి బ్రెజిల్ తర్వాతి స్థానానికి వచ్చింది. వాళ్లని ఏమనగలం, అక్కడ వేసిందీ చిన్న రైతులే.

ధర లేనప్పుడు అమ్మకుండా ఆగొచ్చుగా అంటారేమో. మన అరకు, పాడేరు కొండల్లో చూడండి. మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలుంటాయి. ఒకే కొమ్మ మీద ఎర్రవీ పచ్చివీ కలిసి ఉంటాయి. ఎర్రవి మాత్రమే కోసి, కొన్నాళ్లకి మళ్లీ అదే మొక్క దగ్గరికి రావాలి. కోసిన పండుని ఆ రోజే పల్పర్‌లో వేసి తొక్క తీయాలి, లేకపోతే పులిసిపోతుంది. ఐదారు కిలోల పండ్లకి చివరికి దక్కేది కిలో గింజలు. పల్పర్, ఆరబెట్టే కళ్లం లేనివాళ్లు ఏం చేస్తారు? పండుగానే అమ్మేస్తారు, లేదా తొక్కతోనే ఎండబెట్టి తక్కువకి ఇస్తారు. వానాకాలంలో షావుకారు దగ్గర అప్పు తెచ్చుకున్న ఇంట్లో బేరానికి నోరే లేవదు. నా లెక్కలో అసలు అన్యాయం న్యూయార్క్‌లో కంటే ఇక్కడే ఎక్కువ.

అందుకే 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటామే, అది సీజన్‌లో ధర ప్రకటించి కొంటుంది. ఒక ధర చెవిన పడ్డాక దళారి మరీ కిందికి దిగలేడు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేరు బానే ఉంది, పల్పర్లు ఇంకా కావాలి.

ఇక మీ ముద్ర సంగతి. 1988లో మెక్సికోలోని ఒహాకా కొండల్లో ఆదివాసీ రైతుల సహకార సంఘం పండించిన కాఫీని నెదర్లాండ్స్‌లో మాక్స్ హావెలార్ అనే ముద్రతో అమ్మడం మొదలుపెట్టారు. ఇప్పటి ఫెయిర్‌ట్రేడ్ దాన్నుంచి వచ్చిందే. మార్కెట్ ఎంత పడినా, కడిగి తొక్క తీసిన అరబికాకి ఇంతకంటే తగ్గకూడదని ఒక కనీస ధర ఉంటుంది. 2023లో దాన్ని పౌనుకి 1.80 డాలర్లు చేశారు. దానిపైన 20 సెంట్లు సంఘానికి వెళ్తాయి. వాటితో బడో, పల్పరో, సంఘమే తీర్మానించుకుంటుంది.

లోపాలూ ఉన్నాయి. సంఘం దగ్గరున్న పంటంతా ఆ ధరకి అమ్ముడుపోదు, మిగిలింది మామూలు రేటుకే పోతుంది. సొంత భూమి లేక పండ్లు కోయడానికి వచ్చే కూలీకి అందులో దక్కేది తక్కువ. 2025 ఫిబ్రవరిలో పౌను 4 డాలర్లు దాటినప్పుడు ఆ కనీస ధరతో పనే లేకపోయింది. ముందే అమ్ముకున్న రైతుకి ఆ లాభమూ రాలేదు. అయినా నేను ఆ ముద్ర ఉన్నదే కొనమంటాను, 2001 లాంటి ఏడాది మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేరు.

ఈసారి కొన్నప్పుడు ప్యాకెట్ తిప్పి చూడండి. ఏ కొండ, ఏ సంఘం అని రాసి ఉందా, ఉత్త 'నాణ్యమైన గింజలు' అనేనా? ఏం కనిపించిందో నాకు ఫోటో తీసి పంపండి. అమ్మకి అరకు పొడి పార్సిల్ చేశాను, మీకు మాత్రం ఇంకా పాలే.

మీ అమ్మమ్మ