ప్రైవేట్ ప్యాకేజీ దగ్గర సర్వర్‌లెస్ బిల్డ్ ఎందుకు ఆగిపోతుంది?

రాత్రి పది దాటాక డిప్లాయ్ మొదలుపెట్టాం. సొంత సర్వర్ లేకుండా క్లౌడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్ అది, పొద్దుటినుంచి ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తున్న ఫంక్షనే. క్లౌడ్‌లో బిల్డ్, అంటే కోడ్‌నీ దానికి కావాల్సిన లైబ్రరీలనూ కూర్చే పని, రెండో నిమిషానికే ఆగింది. లాగ్‌లో ఎర్రగా ఒక్క లైను: ‘404, దొరకలేదు’. దొరకలేదంటున్న ఆ ప్యాకేజీని, మా కంపెనీవాళ్లకే కనిపించే లైబ్రరీని, మధ్యాహ్నమే మా పక్క సీటు అమ్మాయి పబ్లిష్ చేసింది. బ్రౌజర్‌లో తెరిస్తే కళ్లముందే ఉంది. పేరులో అక్షరం తప్పిందేమోనని చూశాం, వెర్షన్ మార్చాం, కాష్ తుడిచేశాం. ఒకటే టెన్షన్. గంటన్నర తర్వాత గానీ వెలగలేదు: ప్యాకేజీని అడుగుతున్నది మేము కాదు, క్లౌడ్‌లోని బిల్డ్ మెషీన్. దాని దగ్గర టోకెన్ లేదు, అంటే తానెవరో చూపించే రహస్య గుర్తింపు లేదు.

ఇలాంటి రాత్రి చాలా టీములకు ఎదురవుతుంది. తప్పు ఎవరిదని వాదించుకునే ముందు, ఈ చిక్కు ఎలా వచ్చిపడిందో తెలుసుకుంటే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ప్యాకేజీలు దాచి పంచే రిజిస్ట్రీలు పైథాన్‌కు పైపీఐ 2003లో, నోడ్‌కు (జావాస్క్రిప్ట్) ఎన్‌పీఎం 2010లో వచ్చాయి. రెండూ అందరికీ తెరిచి ఉన్నవే. దించుకోవడానికి లాగిన్ అక్కర్లేదు. బయటపెట్టకూడని కోడ్ ఉన్న కంపెనీలు ఆఫీసు నెట్‌వర్క్ లోపలే ఒక సర్వర్ పెట్టుకునేవి. బిల్డ్ మెషీన్ కూడా ఆ లోపలే ఉండేది కాబట్టి ‘నువ్వెవరు?’ అని అడిగే అవసరం పెద్దగా రాలేదు. 2015లో ఎన్‌పీఎం డబ్బు తీసుకుని ప్రైవేట్ ప్యాకేజీలు ఇవ్వడం మొదలుపెట్టింది. కాపలా నెట్‌వర్క్ నుంచి టోకెన్‌కు మారింది. ఒకసారి లాగిన్ అయితే చాలు, ఆ టోకెన్ హోమ్ ఫోల్డర్‌లోని ఎన్‌పీఎంఆర్‌సీ అనే సెట్టింగ్స్ ఫైల్లో చేరి కూర్చుంటుంది. అది అక్కడుందన్న సంగతి మనం మర్చిపోతాం. నా లెక్కలో అసలు చిక్కు ఆ మరుపుతోనే మొదలైంది.

అంతకు ముందే, 2014 నవంబర్‌లో, అమెజాన్ తన సర్వర్‌లెస్ ఫంక్షన్ల సేవ లాంబ్డాను ప్రకటించింది. మొదట్లో లైబ్రరీలన్నీ మన మెషీన్‌లోనే దించుకుని, జిప్ చేసి, పైకి పంపేవాళ్లం. టోకెన్ మన దగ్గరే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ మ్యాక్‌లోనో విండోస్‌లోనో కంపైలైన లైబ్రరీ లాంబ్డాలోని లినక్స్ మీద నడవదు. అందుకని బిల్డ్ ముందు కంటైనర్లోకి (మన మెషీన్‌లోనే విడిగా నడిచే లినక్స్ వాతావరణంలోకి), తర్వాత క్లౌడ్‌లోకి జరిగింది. మైక్రోసాఫ్ట్ వారి అజూర్ ఫంక్షన్స్ రిమోట్ బిల్డ్‌లో మనం పంపేది సోర్స్ మాత్రమే. పైథాన్ లైబ్రరీలను దించే పిప్ ఇన్‌స్టాల్ అక్కడే జరుగుతుంది. గూగుల్‌లో ఆ పని క్లౌడ్ బిల్డ్ చూసుకుంటుంది. కోడ్ ప్రయాణం కట్టింది, టోకెన్ ఇంట్లోనే ఉండిపోయింది.

మరి 404 ఎందుకు, ‘అనుమతి లేదు’ అనొచ్చుగా? అనుమతి లేదని చెప్తే ఆ పేరుతో ప్యాకేజీ ఉందని ఒప్పుకున్నట్టే. అందుకే హక్కు లేనివాళ్లకు ఎన్‌పీఎం అసలు అలాంటిదేమీ లేదంటుంది. భద్రత వైపు నుంచి అది సరైన నిర్ణయమే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ అర్ధరాత్రి లాగ్ చదివేవాణ్ణి ఇంతగా దారి తప్పించే సందేశం ఇంకోటి లేదు.

ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తుంటాను. లాంబ్డా రోల్‌కు (ఫంక్షన్‌కు ఇచ్చే అనుమతుల ఖాతాకు) ఫీడ్, అంటే కంపెనీ ప్రైవేట్ రిజిస్ట్రీ, చదివే హక్కు ఇచ్చేసి, ఇంకా ఫెయిలవుతోందేమిటని తల పట్టుకుంటారు. ఆ రోల్ ఫంక్షన్ నడిచేటప్పుడు పనికొచ్చేది. బిల్డ్ నడిచేది వేరే ఖాతా మీద. గూగుల్ 2024లో కొత్త ప్రాజెక్టులకు బిల్డ్ చేసే డిఫాల్ట్ ఖాతానే మార్చింది. పాత ప్రాజెక్టులో నడిచిన సెట్టింగ్‌ని కాపీ చేసుకున్నవాళ్లు దెబ్బతిన్నది అక్కడే. అమెజాన్ 2020లో తెచ్చిన ప్రైవేట్ ప్యాకేజీల సేవ కోడ్‌ఆర్టిఫాక్ట్‌లో టోకెన్ ఆయుష్షు గరిష్ఠంగా 12 గంటలు. దాన్ని తీసుకెళ్లి సీక్రెట్‌లో (బిల్డ్ కోసం రహస్యాలు దాచే సెట్టింగ్‌లో) అతికిస్తే ఇవాళ నడిచిన బిల్డ్ రేపు నడవదు. 2022లో వచ్చిన ఎన్‌పీఎం 9 అయితే, ఏ రిజిస్ట్రీకో చెప్పకుండా రాసిన టోకెన్‌ను ఒప్పుకోవడం మానేసింది.

బిల్డ్ ఎలాగైనా పాసవ్వాలని చేసిన సర్దుబాట్లే తర్వాత పెద్ద ప్రమాదాలకు దారితీశాయి. పైథాన్‌లో చాలామంది పిప్‌కు ఎక్స్‌ట్రా ఇండెక్స్‌గా, అంటే పైపీఐతో పాటు వెతకాల్సిన ఇంకో చోటుగా, తమ ఫీడ్ చిరునామా ఇస్తారు. పిప్ దృష్టిలో సొంత ఫీడ్, పైపీఐ రెండూ సమానమే. ఎక్కడ పెద్ద వెర్షన్ కనిపిస్తే అక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది. 2021 ఫిబ్రవరిలో పరిశోధకుడు అలెక్స్ బిర్సాన్ దీన్నే చేసి చూపించాడు. కంపెనీల లోపలి ప్యాకేజీల పేర్లతోనే పబ్లిక్ ప్యాకేజీలు పెట్టి, ఆపిల్, మైక్రోసాఫ్ట్ సహా 35కు పైగా సంస్థల్లో తన కోడ్ నడిచేలా చేశాడు. 2022 డిసెంబర్ చివరి వారంలో మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ పైటార్చ్ రోజువారీ పరీక్షా వెర్షన్ ‘నైట్లీ’కి అదే జరిగింది. టార్చ్‌ట్రైటాన్ పేరుతో పైపీఐలో ఎవరో పెట్టిన నకిలీ ప్యాకేజీ లినక్స్ మెషీన్లలోకి వెళ్లి, వేరే మెషీన్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీలతో సహా హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను బయటికి పంపింది. ఆ బిల్డ్‌లు ఫెయిల్ కాలేదు. అయ్యుంటే ఎంత బాగుండేదో.

2025 సెప్టెంబర్‌లో తనంతట తానే పాకే షాయ్ హులూద్ వార్మ్ ఎన్‌పీఎంను చుట్టేసింది. దాని తర్వాత టోకెన్ల గడువులు బాగా కుదించారు, ఏళ్ల తరబడి పనిచేసిన క్లాసిక్ టోకెన్లను ఆ డిసెంబర్‌లో రద్దు చేశారు. ఎప్పుడో ఎవరో సీక్రెట్‌లో పెట్టి మర్చిపోయిన టోకెన్ మీద నడుస్తున్న బిల్డ్‌లకు మళ్లీ అదే ఎర్ర లైను.

మా టీములో ఇప్పుడు బిల్డ్ మొదటి దశలోనే ఎవరి పేరుతో లాగిన్ అయ్యామో చెప్పే ‘ఎన్‌పీఎం హూఆమై’ కమాండ్ నడుపుతాం. పేరు రాకపోతే అక్కడే ఆపేస్తాం. పైథాన్ ఫంక్షన్లకు ఎక్స్‌ట్రా ఇండెక్స్ తీసేసి ఒక్క ఫీడే ఇచ్చాం. బయటి ప్యాకేజీలూ దాని గుండానే వస్తాయి. లైబ్రరీలు దించడం మా పైప్‌లైన్‌లోని లినక్స్ కంటైనర్లో, అప్పటికప్పుడు పుట్టి కాసేపట్లో చచ్చిపోయే టోకెన్‌తో జరుగుతుంది. తయారైన జిప్‌ను మాత్రమే పైకి పంపుతున్నాం, మొదట్లో లాంబ్డాకు పంపినట్టే.