పాత పాటల పెట్టె: విశాఖలో నేను తరచూ వినే అపోహలు

ఉత్తరాంధ్ర పాటల క్యాసెట్లు, గ్రామఫోను ప్లేట్లు సేకరించి డిజిటల్‌లోకి ఎక్కించడం నా పని. జముకుల కథలు, తప్పెటగుళ్లు, సింహాద్రి అప్పన్న పాటలు, ఏవి తెచ్చినా ఇంటివాళ్లు దాదాపు ఇవే మాటలు అంటారు.

అపోహ: యూట్యూబ్‌లో ఉందిగా, ఇంకెక్కడికి పోతుంది?

వాస్తవం: పెట్టినవాళ్లు తీసేస్తే పోతుంది. ఖాతా మూతపడినా పోతుంది. పైగా సైజు తగ్గించడానికి అక్కడ శబ్దంలో కొంత కోసేస్తారు. మేం దాచేది కుదించని వేవ్ ఫైలు, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ నాణ్యతలో. గంట పాటకి దాదాపు 2 జీబీ. మొత్తం మూడు కాపీలు, ఒకటి వేరే ఊళ్లో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుని చూసినవాళ్లకి ఆ మూడోది ఎందుకో చెప్పక్కర్లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఆ వీడియోల కింద తరచూ 'పాత జానపదం' అని మాత్రమే ఉంటుంది. ఎవరు పాడారు, ఏ ఊరు? ఒకసారి గాజువాక నుంచి ఒకాయన అట్ట లేని క్యాసెట్ తెచ్చారు. పాట చక్కగా వచ్చింది కానీ పాడినావిడ ఎవరో తెలియలేదు. ఫోన్‌లో వేసుకుని వాళ్ల సొంతూరు వెళ్లి, రచ్చబండ దగ్గర వినిపించాం. రెండో చరణం రాగానే ఒక పెద్దావిడ లేచి నిలబడింది. "ఓలమ్మా, ఇది మా వదిన గొంతు కాదేటి!" ఆ మాట దొరికాకే ఆ పాటకి ఊరూ పేరూ వచ్చాయి. అందుకే అట్ట మీది పెన్ను రాతనీ, షాపు ముద్రనీ కూడా స్కాన్ చేస్తాం.

అపోహ: ప్లేటుని స్పిరిట్‌తో తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది.

వాస్తవం: 78 ఆర్‌పీఎం ప్లేట్లకి, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోను ప్లేట్లకి, ఆ పని చేయకండి, చేతులెత్తి మొక్కుతాను. వాటిలో ఉన్నది లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ అదే. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, గాడితో పాటు పాటా పోతుంది. మామూలు నీళ్లు, చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. గాడి వెంబడే తుడవాలి, లేబులు తడవకూడదు. తర్వాత వచ్చిన ఎల్పీ ప్లేట్ల సూది కూడా వీటికి పెట్టొద్దు.

అపోహ: ఏసీ గదిలో పెడితే చాలు.

వాస్తవం: పగలు వేసి రాత్రి ఆపేస్తే, చల్లబడ్డ టేపు మీద మన సముద్రపు గాలి తేమ చేరుతుంది. దానికంటే ఎండ తగలని, బయటి గోడకి ఆనని బీరువా మేలు. తెల్లగా బూజు కనిపిస్తే 'ఓసారి వేసి చూద్దాం' అనుకోవద్దు. బూజు ప్లేయర్ హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది.

అపోహ: గరగర తీసేసి శుభ్రంగా దాచాలి.

వాస్తవం: ముందు ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి, శుభ్రం చేసిన కాపీ వేరే. కొత్తలో నేనే తప్పు చేశాను. తప్పెటగుళ్ల రికార్డింగులో హిస్ (టేపు వెనక వినిపించే 'స్‌స్' శబ్దం) తీసేస్తే గజ్జెల మోత సగం పోయింది. అసలు క్యాసెట్ ఉండబట్టి మళ్లీ ఎక్కించగలిగాను.

'శాస్త్రీయ సంగీతం అయితే సరే, జాతర పాటలు కూడానా?' అంటారు కొందరు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ దాచాల్సిందే. కానీ అది కంపెనీలు అచ్చువేసిన ప్లేట్ల మీద ఎన్నో ఇళ్లకి చేరింది. జాతరలో అమ్మిన క్యాసెట్‌కి మిగిలింది ఒక్క కాపీయే కావచ్చు. నేను ముందు దాన్నే చేతిలోకి తీసుకుంటాను.

అపోహ: పాతదే కదా, ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: మన చట్టంలో రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు. అందుకే నెట్‌లో పెట్టేముందు కుటుంబాన్నీ అడుగుతాం. ఆ వదినగారి ఇంటివాళ్లు వెంటనే సరే అన్నారు. పేరు మాత్రం తప్పు లేకుండా రాయమన్నారు.