ఖర్జూర తోటల్లోంచి వచ్చిన ‘అరబ్’

కాలిఫోర్నియాలో థర్మల్ అనే ఎడారి ఊళ్లో కోచెల్లా వ్యాలీ హైస్కూల్ ఉంది. దాని జట్ల పేరు అరబ్స్. 2013లో దీని మీద గొడవ మొదలైనప్పటి మస్కట్, అంటే జట్టుకు గుర్తుగా పెట్టుకునే బొమ్మ, ఇలా ఉండేది: పెద్ద ముక్కు, గుబురు గడ్డం, తలకు చుట్టిన గుడ్డ, మీదికి దూకేలా కోపంతో బిగుసుకుపోయిన ముఖం. ఆట మధ్యలో బెల్లీ డ్యాన్స్ కూడా. ఇంతా చేసి, అక్కడ చదివే పిల్లల్లో అత్యధికులు లాటినో కుటుంబాల వాళ్లు. మరి ఈ అరబ్ ఎక్కడి నుంచి వచ్చాడు?

ఖర్జూరం నుంచి. 1900ల మొదట్లో అమెరికా వ్యవసాయ శాఖ అల్జీరియా లాంటి దేశాల నుంచి ఖర్జూర పిలకలు తెప్పించింది. వేళ్లకు నీళ్లు, తల మీద మండే ఎండ ఉంటే చాలు ఆ చెట్టుకి, ఈ లోయలో రెండూ దొరికాయి. 1927లో మొరాకో నుంచి 11 మెడ్జూల్ పిలకలు అమెరికా చేరాయి. రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర మనం కొనుక్కునే ఆ పెద్ద ఖర్జూరం రకమే అది. పంట పెరిగేకొద్దీ అరబ్బు పేర్ల మోజు కూడా పెరిగింది: వాల్టర్స్ అనే ఊరు మక్కా అయిపోయింది, పక్కనే ఇండియోలో జరిగే ఖర్జూర సంబరాల్లో ఒంటెల పందేలు, అరేబియన్ నైట్స్ వేషాలు వచ్చాయి. 1930ల నాటికి బడి జట్లకీ అరబ్స్ పేరు ఉంది.

అంటే ఈ పేరు పంట మీద ప్రేమతో పుట్టింది, ద్వేషంతో కాదు. కానీ బొమ్మ అలాగే ఉండిపోలేదు. మొదట్లో తలపాగా పెట్టుకుని, బల్లెం పట్టుకుని గుర్రం మీద వెళ్లే రౌతు, 1980ల నాటికి ఆ కోపిష్టి ముఖంగా మారాడు. చమురు సంక్షోభం, ఇరాన్‌లో అమెరికన్లు బందీలైన వ్యవహారం, తెర మీద విలన్లుగా అరబ్బులు, ఇవన్నీ చూసిన కాలం గీసిన బొమ్మ అదని నాకనిపిస్తుంది.

2013 నవంబరులో అరబ్ అమెరికన్ల హక్కుల సంస్థ ఏడీసీ ఆ బడికి లేఖ రాసింది. పాత విద్యార్థులు చాలామంది ఇది మా గర్వం, అవమానం కాదన్నారు. వాళ్ల మాట అబద్ధమని నేననను, కానీ తన ముఖాన్ని అలా గీస్తే ఎలా ఉంటుందో చెప్పాల్సింది ఆ ముఖం ఉన్నవాళ్లే కదా.

అమెరికా మూలవాసుల పేర్లు పెట్టుకున్న జట్ల విషయంలో దారి వేరుగా నడిచింది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 1972లోనే తన జట్లకున్న ఇండియన్స్ (అక్కడి మూలవాసులని అర్థం) పేరు వదిలేసింది, అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రం 2019లో ప్రభుత్వ బడుల్లో అలాంటి పేర్లు, మస్కట్లు చట్టంతో నిషేధించింది. థర్మల్‌లో మాత్రం బడి వాళ్లు, ఏడీసీ వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. బెల్లీ డ్యాన్స్ ఆపేశారు. 2014లో చక్కగా కత్తిరించిన గడ్డంతో, హుందాగా ఉన్న కొత్త ముఖం వచ్చింది. అరబ్స్ పేరు పోలేదు, దాని ముందు ‘మైటీ’ (బలమైన) అనే మాట చేరింది.