పాత పార్టులతో తక్కువ ఖర్చు సిస్టమ్: అపోహలు - వాస్తవాలు

"అన్నా, పాతదాంట్లో పనికొచ్చేవి ఉంచి మిగతావి కొత్తవి వెయ్యి. ఇరవై వేలు దాటొద్దు." సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అయినా, జిల్లా కేంద్రంలోని చిన్న సర్వీసు షాపులో అయినా, కంప్యూటర్లు అసెంబ్లింగ్ చేసేవాళ్లకు రోజూ వినిపించే మాట ఇది. న్యాయమైన కోరికే. పాత పార్టులు వాడితే డబ్బు మిగులుతుంది, చెత్తబుట్టలో పడే సామానూ తగ్గుతుంది. కాకపోతే ఆన్ అయ్యే ప్రతి పార్టూ పనికొచ్చేదే అనుకుంటారు చాలామంది. ఒక పార్టును ఉంచాలా, తీసేయాలా అని చూసేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న వేరు: రేపు ఇది పోతే తనతోపాటు ఇంకేం పోతుంది? కేబినెట్‌కు ఏమైనా దేనికీ నష్టం లేదు. హార్డ్‌డిస్క్ పోతే ఇంటిల్లిపాది ఫొటోలు పోతాయి. ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును డీసీగా మార్చి పార్టులన్నిటికీ ఇచ్చే డబ్బా) పోతే ఒక్కోసారి నిన్న కొన్న మదర్‌బోర్డు కూడా పోతుంది.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోంది, పాత ఎస్‌ఎంపీఎస్‌కు ఢోకా లేదు

పొదుపు చేయకూడని చోట జనం పొదుపు చేసేది ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరును నల్ల వైరుతో కలిపి, ఫ్యాన్ తిరగ్గానే ఓకే అనేస్తారు. ఆ పరీక్షలో తేలేది అది ఆన్ అవుతోందన్న సంగతి ఒక్కటే. లోడ్ పడితే వోల్టేజీ నిలబడుతుందా అన్నది తెలియాలంటే, సిస్టమ్‌కు బరువైన పని అప్పగించి, ఖాళీగా ఉన్న మాలెక్స్ (నాలుగు పిన్నుల పాతరకం) కనెక్టర్‌లో పసుపు, నల్ల వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. రీడింగ్ 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు ఉండాలి. కింది అంచున ఊగిసలాడుతుంటే ఆ ఎస్‌ఎంపీఎస్‌ను నమ్మొద్దు. రీడింగ్ బాగున్నా పూర్తిగా నిశ్చింత లేదు. ఏళ్ల తరబడి వేడికి లోపలి కెపాసిటర్లు ఎండిపోతే డీసీలో రిపుల్ (వోల్టేజీ వేగంగా కొద్దికొద్దిగా ఎగిసిపడటం) పెరుగుతుంది, మామూలు మల్టీమీటర్‌కు అది దొరకదు.

ఇక వాట్ల సంగతి. డబ్బా మీద 450 అని రాసి ఉన్నంత మాత్రాన 450 వాట్లు రావు. పక్కన అంటించిన లేబుల్‌లో 12 వోల్టుల గడి చూడండి. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఆ లైన్ మీదే. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే 12తో హెచ్చవేయండి: 192 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని, ఐ3 ప్రాసెసర్ ఉన్న సిస్టమ్‌కు అది సరిపోతుంది, మంచి కార్డు వేస్తే సరిపోదు. కార్డుకు కావాల్సిన 6 పిన్నుల కనెక్టర్ లేదని మాలెక్స్ కన్వర్టర్ తగిలించి నడిపించేవాళ్లున్నారు. ఆ కనెక్టర్ ఇవ్వలేదంటేనే అలాంటి కార్డు కోసం ఆ ఎస్‌ఎంపీఎస్ చేయలేదని అర్థం.

కేబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చిన, అయిదారేళ్లు నడిచిన ఎస్‌ఎంపీఎస్‌ను నేను కొత్త బోర్డుకు తగిలించను. 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని తెలిపే ముద్ర) ఉన్నది, ఇంకా వారంటీ మిగిలి ఉన్నది అయితే నిక్షేపంగా వాడుకోండి. ఫ్యాన్‌కు నూనె వేద్దామని మాత్రం మూత విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు నిలిచే ఉంటుంది.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని ఎస్‌ఎంపీఎస్ మార్చమనేవాళ్లు కూడా వస్తుంటారు. చాలాసార్లు లోపం ఇంటి ఎర్తింగ్‌లో ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ ఇన్‌పుట్ ఫిల్టర్‌లో బాడీకి కలిపిన చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ లేకపోతే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటే చేతికి తగులుతుంది. కొత్తది వేసినా అదే జిల్లు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, సాకెట్ మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ వస్తోందో లేదో చూపించుకోండి.

అపోహ: ఐ7 అంటే ఎప్పటికీ ఐ7, ఐ3 దాని ముందు చాలదు

వాస్తవం: ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ7-2600 వచ్చింది 2011లో, ఐ3-12100 వచ్చింది 2022లో. రెంటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. కానీ కోరుకు కోరు పోలిస్తే కొత్త ఐ3 వేగం దాదాపు రెట్టింపు. పైగా పాతది 95 వాట్ల చిప్పు, కొత్తది 60 వాట్లది.

ఇక్కడొక ఉచ్చు ఉంది. హెచ్‌61 చిప్‌సెట్ (బోర్డు మీద మిగతా పార్టులను ప్రాసెసర్‌తో కలిపే చిప్పు) 2011 నాటిది. ఆ చిప్‌సెట్‌తో, ఎప్పుడూ పేరు వినని కంపెనీల బోర్డులు కొత్త ప్యాకింగ్‌తో ఇప్పటికీ దొరుకుతున్నాయి. బోర్డు పోయింది, ప్రాసెసరూ డీడీఆర్3 ర్యామూ చేతిలో ఉన్నాయి కదా అని అది కొంటారు. రెండు ర్యామ్ స్లాట్లు, 16 జీబీతో హద్దు, పాత 3 గిగాబిట్ల సాటా (డిస్క్‌లు తగిలించే కనెక్షన్). తర్వాత ఏం పెంచుదామన్నా మళ్లీ మొదటికే రావాలి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, రైజెన్‌లో 2000 సిరీస్, ఆ పైనవే అధికారికంగా అర్హం. అడ్డదారిలో ఎక్కించవచ్చు, కానీ బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌కు నేనలా చేసివ్వను. బ్రౌజింగ్, టైపింగ్ వరకే అయితే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఆ పాత ప్రాసెసర్‌ను ఇంకొన్నాళ్లు హాయిగా నడపొచ్చు.

అపోహ: ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు కూడా మార్చాల్సిందే

ఇంటెల్ వాడినవాళ్ల అనుభవం ఇది, అందులో నిజముంది. ఎల్‌జీఏ 1151 సాకెట్‌నే చూడండి. చూడ్డానికి అదే సాకెట్, కానీ ఆరు, ఏడు తరాల బోర్డుల్లో ఎనిమిదో తరం చిప్పు పనిచేయదు. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్ కథ వేరు. 2017 నాటి ఏ320 బోర్డులు చాలావాటిలో బయాస్ (బోర్డులోనే ఉండి సిస్టమ్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 సిరీస్ చిప్పులు పడతాయి. మీ ఇంట్లో రైజెన్ 3 1200 సిస్టమ్ ఉంటే బోర్డు, ర్యామ్, కేబినెట్ అన్నీ ఉంచేసి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. తక్కువ ఖర్చులో ఇంతకన్నా మంచి అప్‌గ్రేడ్ నాకు తెలియదు.

ముందు బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేరుకు ఎదురుగా ఉన్న సీపీయూ జాబితా చూడండి. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయాస్ అప్‌డేట్ ముగించండి, అదీ యూపీఎస్ మీద. మధ్యలో కరెంటు పోతే బోర్డు తెరుచుకోకపోవచ్చు. ఇంకొకటి: రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జీలో ఉంది. ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ ఉన్నా అంతే. గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లు ఆ ఒక్క అక్షరం చూడకుండా కొంటే తెర మీద బొమ్మ రాదు.

అపోహ: ర్యామ్ ఏదైనా ర్యామే

కాదు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. డీడీఆర్5కి కూడా 288 ఉన్నా గాటు వేరేచోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాట్ పగులుతుంది.

మీ దగ్గర డీడీఆర్4 ఉంటే మాత్రం దాన్ని బట్టే బోర్డు ఎంచుకోండి. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. చేతిలో ఉన్న 16 జీబీని పక్కన పెట్టి ఏఎండీ తర్వాతి సాకెట్ ఏఎం5కు వెళ్తే డీడీఆర్5 తప్ప గత్యంతరం లేదు. ఏఎం4 బోర్డు గానీ, డీడీఆర్4 స్లాట్లున్న ఇంటెల్ హెచ్‌610 బోర్డు గానీ తీసుకుంటే ఆ ఖర్చంతా మిగులుతుంది. వేర్వేరు స్పీడుల ర్యామ్‌లు మామూలుగా కలిసి నడుస్తాయి, తక్కువ స్పీడున్నదాని లెక్కన. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో 16 జీబీ ఒకటే వేసే బదులు రెండు 8 జీబీలు వేయండి, ఆటల్లో తేడా కళ్లకు కనిపిస్తుంది. పాత, కొత్త ర్యామ్‌లు కలిపాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ నడిపి చూడండి.

అపోహ: కేబినెట్, మానిటర్ కూడా మార్చాలి

మామూలు కేబినెట్ అయితే అక్కర్లేదు, స్క్రూ రంధ్రాల కొలతలు మారలేదు. ఆఫీసుల నుంచి వచ్చే బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లతోనే చిక్కు. చాలావాటిలో బోర్డు, పవర్ కనెక్టర్ వాళ్ల సొంత కొలతల్లో ఉంటాయి. వీజీఏ మానిటర్‌కు కొన్ని వందల రూపాయల హెచ్‌డీఎంఐ కన్వర్టర్ చాలు. పాత 1150, 1151 సాకెట్ల కూలర్ ఐ3-12100 లాంటివి పట్టే ఎల్‌జీఏ 1700 సాకెట్‌కు నేరుగా పట్టదు.

అపోహ: పాత బోర్డుకు ఎస్‌ఎస్‌డీ దండగ

పాత సాటాలో సెకనుకు 280 ఎంబీ దాటదు, నిజమే. అయినా విండోస్ తెరుచుకునేటప్పుడు జరిగేది వేలకొద్దీ చిన్న ఫైళ్లు వెతకడం. హార్డ్‌డిస్క్ హెడ్డు ఒక్కోదానికి పది మిల్లీసెకన్లు తీసుకుంటే, కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీకి మిల్లీసెకనులో పదో వంతు చాలు. ఆ సాటా ఎస్‌ఎస్‌డీనే రేపు కొత్త బోర్డుకూ మార్చుకోవచ్చు.

అపోహ: ఫార్మాట్ చేస్తే పాత హార్డ్‌డిస్క్ కొత్తదవుతుంది

ఫార్మాట్‌తో అరిగిన డిస్క్ బాగుపడదు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి 05 (చెడిపోయి పక్కన పెట్టిన చోట్లు), సీ5 వరసలు చూడండి. రెండూ సున్నా అయితే సినిమాలకూ, రెండో కాపీకీ వాడుకోవచ్చు. సీ5లో అంకె ఉందంటే కొన్ని చోట్ల చదవలేకపోతోందని అర్థం. ఫార్మాట్ జోలికి పోకుండా ఆ రోజే ఫొటోలు వేరేచోటికి కాపీ చేసుకోండి. సీ7 (డేటా పంపేటప్పుడు దొర్లిన తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ను పారేయకండి. చాలామటుకు తప్పు సాటా కేబుల్‌దే అయి ఉంటుంది, అది మార్చి ఆ అంకె ఇంకా కదులుతోందేమో చూడండి.